దొరకలేదని సంతకం చేసినవాణ్ణి

ఈ మధ్య ఒక కుర్ర లైబ్రేరియన్ ఫోన్ చేసి, "ఆరోగ్య పరిశోధన చేసే పిల్లలకి డేటాబేస్‌లో ఎలా వెతకాలో మీ అనుభవంతో నాలుగు మాటలు రాసివ్వండి సార్" అని అడిగాడు. ముప్పయ్యేళ్ళు అదే పని చేసి రిటైరయ్యాను కాబట్టి అడగడంలో తప్పు లేదు. ఎలా వెతకాలో చెప్పే కాగితాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి. ముప్పయ్యేళ్ళు కుర్చీలో కూర్చుని వెతుకుతూ కూడా కళ్ళముందున్నది ఎలా చూడకుండా ఉండొచ్చో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ విద్యలో నాకు కాస్త ప్రవేశం ఉంది. అందుకని అదే రాస్తున్నాను.

నేను పనిచేసింది కొరాపుట్‌లో ప్రజారోగ్యం చదువు చెప్పే ఒక చిన్న సంస్థలో. పేరు చెప్పను, చెప్పినా మీరు విని ఉండరు. కింద తరగతులు, పైన లైబ్రరీ, లైబ్రరీ పైన నీళ్ళ ట్యాంకు. వానాకాలం నాలుగు నెలలూ లైబ్రరీకీ ట్యాంకుకీ పెద్ద తేడా ఉండేది కాదు.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా తాత కోస్తా నుంచి ఈ కొండల్లోకి వచ్చి ఎస్టేటు రికార్డు గదిలో పనికి కుదిరాడు. ఆయన తర్వాత మా నాన్న. ఎవరైనా పాత భూమి కాగితం కోసం వస్తే, దొరికితే నకలు రాసిచ్చేవారు. దొరక్కపోతే "వెతికితిమి, లభ్యము కాలేదు" అని రాసి, సీలు వేసి, సంతకం పెట్టి ఇచ్చేవారు. ఆ రెండో కాగితానికి మొదటిదానికంటే ఎక్కువ గిరాకీ ఉండేది. దాన్ని పట్టుకెళ్ళి కోర్టులో గెలిచినవాళ్ళున్నారు. మా ఇంట్లో 'లేదు' అనడం కూడా ఒక హోదాయే.

ఆ హోదాని నేను లైబ్రరీకి పట్టుకొచ్చాను. మా దగ్గర ప్రతి విద్యార్థీ పరిశోధన మొదలుపెట్టే ముందు తన ప్లాను రాసి కమిటీ ముందు పెట్టాలి. కమిటీ అడిగే మొదటి ప్రశ్న, "ఈ పని ఇదివరకే ఎవరైనా చేశారా?" అని. దానికి జవాబుగా నేను డేటాబేస్ వెతికి, "ఈ అంశంపై ఈ ప్రాంతంలో జరిగిన పని ఏదీ లభ్యం కాలేదు" అని సర్టిఫికేట్ ఇచ్చేవాణ్ణి. ఊదారంగు సీలు, నా సంతకం. ప్రపంచంలో ఇంకే లైబ్రరీ ఇలాంటిది ఇవ్వదని తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు, మిగతావాళ్ళు ఇంకా వెనకబడే ఉన్నారు కాబోలు అనుకున్నాను.

నా అసిస్టెంటు ఒక ఒడియా ఆవిడ. ఆవిడ ఒడియాలో మాట్లాడేది, నేను తెలుగులో జవాబు చెప్పేవాణ్ణి. ఇద్దరం ఒకరి భాష ఒకరం నేర్చుకోకుండానే ఇరవయ్యేళ్ళు సుఖంగా గడిపాం. ఆవిడ ఒకసారి అడిగింది, "సార్, మీ కంప్యూటర్లో ఎప్పుడు వెతికినా అంత తక్కువ వస్తాయేం?" అని. వెతకడం వచ్చినవాడికి తక్కువే వస్తాయని చెప్పాను. ఆవిడ తల ఊపి, తన బీరువా దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తల ఊపు అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇక ఈ కథలో అసలు మనిషి. గునుపూర్ దగ్గర వ్యవసాయం చేసుకునే తెలుగువాళ్ళ అమ్మాయి. టికిరిలో నర్సుగా పనిచేస్తూ, చదువు సెలవు పెట్టి మా దగ్గర చేరింది. వాళ్ళ పెద్దలది శ్రీకాకుళం వైపు, మాటా ఆ వైపుదే. టికిరి చుట్టుపక్కల కొండ ఊళ్ళలో సికిల్ సెల్ జబ్బు ఎంతమందికి ఉందో రక్తం పరీక్షలు చేసి తేల్చాలన్నది ఆమె ప్లాను. ఆ జబ్బు పుట్టుకతో వస్తుంది, ఒళ్ళంతా నొప్పులు పెట్టి పిల్లల్ని కుంగదీస్తుంది. ముందే తెలిస్తే మందులతో చాలావరకు కాపాడొచ్చు. తెలియకపోతే చాలామంది ఒంటికి గాలి సోకిందనుకుని ఊరుకుంటారు.

నేను వెతికాను. జబ్బు పేరు, దానికున్న ఇతర పేర్లు, జిల్లా పేరు, పక్క జిల్లాల పేర్లు, అన్నీ శాస్త్రప్రకారం కలిపాను. ఒక్క పేజీ కూడా నిండలేదు, అందులో మా ప్రాంతానిది ఏదీ లేదు. సర్టిఫికేట్ రాసి, సీలు వేసి ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని రెండు చేతులతో తీసుకుంది. నాకు బాగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

కమిటీకి వారం ఉందనగా ఆమె టికిరి వెళ్ళి, పరీక్షలకి ఒప్పుకుంటారో లేదో కనుక్కోడానికి ఒక ఊరు తిరిగొచ్చింది. సోమవారం పొద్దున్నే నా బల్ల ముందు నిలబడింది.

"సార్, ఆ ఊళ్ళో ఒక ముసలమ్మ నన్ను సూసి నవ్వింది సార్."

"ఏమ్మా, నవ్వితే తప్పేముంది?"

"అలగ కాదు సార్. ఇదే సూది, ఇవే పెశ్నలు, ఇదివరకే ఒక డాక్టరొచ్చి ఊరంతా రగతం తీసుకెళ్ళిపోయేడంట. ఏళ్ళయిపోయిందంట. మళ్ళీ ఎందుకొచ్చేవని అడిగింది."

"ఎవరో మలేరియావాళ్ళు వచ్చుంటారు."

"నానూ అలాగే అన్నాను. కాదన్నాది. ఒళ్ళు నొప్పులొచ్చే పిల్లల్ని ముందు కూకోబెట్టేడంట, అమ్మకుందా, నాన్నకుందా అని అడిగేడంట. అది సికిల్ సెల్ కాకపోతే మరేటి సార్?"

నేను చాలా ఓపిగ్గా చెప్పాను, అలాంటి పని జరిగి ఉంటే ప్రచురించేవారని, ప్రచురిస్తే డేటాబేస్‌లో ఉండేదని, ఉంటే నాకు దొరికేదని. నా సంతకం ఉన్న కాగితం ఆమె చేతిలోనే ఉందని గుర్తు చేశాను. ఒక ముసలమ్మ జ్ఞాపకాన్నీ అంతర్జాతీయ డేటాబేస్‌నీ పక్కపక్కన పెట్టి చూడకూడదని కూడా అన్నాను. ఈ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ అమ్మాయి వాదించలేదు. అక్కడే నిలబడి తన ఫోన్‌లో అవే పదాలు, నేను రాసిచ్చిన వరసలోనే కొట్టింది. ఫోన్ నా వైపు తిప్పింది. ఫలితాలు పేజీలకు పేజీలు. మూడో పేజీలో మా ప్రాంతం పేరుతోనే ఒక వ్యాసం ఉంది.

నేను మొదట అన్నమాట, "నీ ఫోన్‌లో ఏదో తేడా ఉంది."

అసిస్టెంటు తన కుర్చీ లాక్కుని వచ్చి నా కంప్యూటరు ముందు కూర్చుంది. ఎడమవైపు ఒక చిన్న గడి మీద వేలు పెట్టింది. అందులో టిక్కు ఉంది. 'ఉచితంగా పూర్తి పాఠం దొరికేవి మాత్రమే' అని దాని అర్థం. ఆవిడ మౌస్‌తో టిక్కు తీసేసింది. నా కంప్యూటర్లో కూడా పేజీలకు పేజీలు వచ్చాయి.

ఆ టిక్కు పెట్టింది నేనే. లైబ్రరీకి ఇంటర్నెట్ వచ్చిన కొత్తల్లో, పిల్లలు ఏదైనా వ్యాసం మీద నొక్కితే సొమ్ము కట్టమని పేజీ వచ్చేది. మా దగ్గర ఆ పత్రికలకి చందా లేదు. కొండ ఊళ్ళనుంచి వచ్చిన పిల్లలు ఆ పేజీ చూసి మొహం చిన్నబుచ్చుకునేవారు. మనకి అందనివి కనబడకుండా చేస్తే పోలా అనిపించింది. టిక్కు పెట్టాను. ఆ సైటులో ఒకసారి పెడితే ఎవరైనా తీసేదాకా అది అలాగే ఉండిపోతుంది. జాలితో పెట్టాననే చెప్పుకునేవాణ్ణి. "సార్, ఇది తెప్పించండి" అని రోజూ ఎవరో ఒకరు ప్రాణం తీయకుండా తప్పించుకోవడం కూడా ఉంది అందులో. కొన్నాళ్ళకి ఆ టిక్కు ఉందన్న సంగతే మర్చిపోయాను. మర్చిపోక ముందే, వెతికే పద్ధతి అని గోడకి అంటించిన కాగితంలో దాన్ని మూడో మెట్టుగా రాసిపెట్టాను. రాయగడలో నర్సింగ్ పిల్లలకి రెండ్రోజులు శిక్షణ ఇచ్చి, అక్కడి కంప్యూటర్లన్నిటికీ స్వయంగా పెట్టి వచ్చాను. భోజనం బాగా పెట్టారు.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను అసిస్టెంటుతో.

"అడిగాను కదా సార్. వెతకడం వచ్చినవాడికి తక్కువే వస్తాయన్నారు" అంది ఆవిడ.

ఇంతకీ కమిటీ శుక్రవారం. పని ఇదివరకే జరిగిందని తేలితే ప్లాను తిరస్కరిస్తారు. తర్వాతి కమిటీ ఆర్నెల్లకి. ఆమె చదువు సెలవు అంతలోపే అయిపోతుంది, డిగ్రీ లేకుండా టికిరికి తిరిగి పోవాలి. కాగితం మీద సంతకం నాది, పోయేది ఆమె చదువు. ఆమె గైడు ఎలాగూ నా సర్టిఫికేట్ తప్ప ఇంకోటి చూడడు. కమిటీవాళ్ళూ చూడరు. ఈ సంగతి ఆ గదిలో ఉన్న మా ముగ్గురికే తెలుసు. నేను నోరు మూసుకుంటే అన్నీ సవ్యంగా జరిగిపోతాయి. రిటైర్మెంటుకి నాకు ఇంకా కొద్ది నెలలే ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నేను ఈ లెక్కలన్నీ వేసుకున్నానని మీరు తెలుసుకోవాలి. మంచివాడిలా కనబడడానికి దాన్ని వదిలేస్తే ఈ రాత దండగ.

"నువ్వే సెప్పమ్మి. నేను ఊరుకుంటే నీ పని అయిపోద్ది" అన్నాను. కంగారులో నాకూ ఆమె యాసే వచ్చేసింది.

ఆ అమ్మాయి సర్టిఫికేట్ తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఆ ముసలమ్మ సేత మళ్ళీ ఉట్టిపున్నేనికి సెయ్యి సాపించమంటారేటి సార్?" అంది.

వ్యాసం సారాంశం మాత్రమే మాకు కనబడుతోంది. పూర్తి పాఠానికి తాళం. రాసిన డాక్టరు చిరునామా మాత్రం రాయగడ. ఒడియా ఆవిడ నలుగురికి ఫోన్లు చేసి, ఆయన రిటైరై ఇప్పటికీ అక్కడే ఉన్నాడని కనుక్కుంది. మర్నాడు నేను రైలెక్కాను. ఆ దారంతా సొరంగాలు. సొరంగంలో దూరినప్పుడల్లా అందరి ఫోన్లూ ఆగిపోయి, బోగీలో జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. టికిరి స్టేషనులో రైలు ఆగినప్పుడు నేను కిటికీ వైపు చూడలేదు.

డాక్టరుగారు స్టేషనుకి దగ్గర్లోనే ఒక పాత పెంకుటింట్లో ఉంటున్నారు. తెలుగాయనే. తలుపు తీసి నన్ను కిందినుంచి పైకి చూశారు.

"ఏటి బాబూ, ఎవరు గావాల?"

మీ వ్యాసం కావాలన్నాను. ఏ వ్యాసం అని అడిగారు. చెప్పాను.

"అది అచ్చయ్యి ఇన్నేళ్ళయింది. కావాలని అడిగినోడివి నువ్వే" అన్నారు. "లోపలికి రా, కాళ్ళు కడుక్కో."

వ్యాసం ప్రతి ఒకటి ఇచ్చారు. టీ తాగుతూ నేను అడక్కూడని ప్రశ్న అడిగాను. పరీక్షల ఫలితాలు ఆ ఊరివాళ్ళకి చెప్పారా అని.

"పేపరు పంపించేను, పత్రికోళ్ళు ఏసుకున్నారు. ఊరికి ఎల్దామనుకునేలోపు నాకు బదిలీ అయిపోయింది. నా తర్వాతోడికి సెప్పేను. ఆడికీ అయిపోయింది బదిలీ." ఆయన కప్పు కింద పెట్టారు. "పేర్లున్న రిజిస్టరు నా కాడే ఉంది. పారెయ్యలేక దాసేను. ఎవులైనా అడుగుతారని సూసేను."

ఆయన కూడా నాలాంటివాడేనని అప్పుడనిపించింది. ఆయన పట్ల కోపం వచ్చింది. ఆ కోపంలో సగం నా మీదేనని తెలిసి టీ తాగేశాను.

శుక్రవారం కమిటీ. నలుగురు సభ్యులు, అధ్యక్షత వహించడానికి భువనేశ్వర్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆ అమ్మాయి వంతు రాగానే నేను వెనక వరసలో లేచి నిలబడ్డాను. లైబ్రేరియన్ కమిటీలో లేచి నిలబడితే ఫ్యాను వెయ్యమంటాడని అందరూ అనుకున్నారు. ఈ సర్టిఫికేట్ తప్పు, రద్దు చేస్తున్నాను, ఈ పని ఇదివరకే జరిగింది అని చెప్పి, వ్యాసం బల్ల మీద పెట్టాను. టిక్కు సంగతి కూడా చెప్పాను.

ఆమె గైడు నా కేసి చూసిన చూపు గురించి రాయను. పెద్దావిడ అడిగింది, "ఇలాంటి సర్టిఫికేట్లు ఎన్ని ఇచ్చారు?"

"ఇచ్చినవన్నీ ఇలాంటివే మేడమ్."

ఆ కమిటీలో కూర్చున్నవాళ్ళలో ఒకాయన పాత విద్యార్థే, ఆయన థీసిస్ మొదటి పేజీలో కూడా నా సీలు ఉంది. ఆయన కిందికి చూస్తూ పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు.

పెద్దావిడ ఆ అమ్మాయి వైపు తిరిగి, "అయితే మరి నీ ప్లాను ఏమిటి?" అంది. అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టింది, హిందీలోకి జారింది, చివరికి ఎవరికి ఎంత అర్థమవుతుందో చూసుకోకుండా తెలుగులో చెప్పేసింది.

"ఎంతమందికుందో ఈ పేపరులో ఉన్నాది మేడమ్. కాని ఆ ఊరోళ్ళకి తెల్దు. నాను ఎల్లి సూసేను, ఒక్కరికీ తెల్దు. ఆ డాక్టరుగారి కాడ పేర్ల రిజిస్టరున్నాది. ఆళ్ళని ఎతికి, ఎవులికుందో ఆళ్ళకి సెప్పి, ఇన్నేళ్ళలో ఎవులెలాగున్నారో రాస్తాను. ఇప్పుడు నా పని అదే."

పెన్నుమూత ఆయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. బాగానే మార్చాడు. వారంలోపు కొత్త ప్లాను రాసి ఇవ్వమని, రిజిస్టరు వాడడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోమని, పని మొదలుపెట్టమని పెద్దావిడ రాసింది. అంటే పాసయినట్టే. నాకు మాత్రం మెమో వచ్చింది. న్యాయమే.

రిటైరయ్యేలోగా నేను ఇచ్చిన సర్టిఫికేట్లన్నీ తీసి, టిక్కు లేకుండా మళ్ళీ వెతికి, దొరికినవాటి పట్టీ పాత విద్యార్థులందరికీ పంపాను. కొందరు కృతజ్ఞతలు చెప్పారు, కొందరు తిట్టారు. ఒకాయన పెద్ద పదవిలో ఉన్నాడు, 'చూశాం' అని ఒక్క మాట రాశాడు. గోడమీది కాగితం మా అసిస్టెంటు చింపింది. కొత్తది ఆవిడే రాసింది, ఒడియాలో. రాయగడ వెళ్ళి అక్కడి కంప్యూటర్ల టిక్కులు కూడా ఒక్కొక్కటే తీసి వచ్చాను. ఈసారి భోజనం పెట్టలేదు.

ఇదంతా ఎందుకు చెప్పానో మీకు అర్థమయ్యే ఉంటుంది. అందనిది కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ముందు టిక్కులన్నీ తీసి వెతకండి, ఏముందో పూర్తిగా చూడండి. అందనివాటికి రాసినవాళ్ళనే అడగండి, చాలామంది ఎవరైనా అడుగుతారేమోనని కూర్చునే ఉంటారు. లైబ్రేరియన్‌ని కూడా నమ్మకండి.

అనుమతులన్నీ వచ్చాక ఆ అమ్మాయి ఆ ఊరికి వెళ్తుంటే నేనూ వెళ్ళాను. నన్ను ఎవరూ పిలవలేదు. ఊరి ఆశా కార్యకర్త తీసుకెళ్ళి ఆ ముసలమ్మ ఇంటి ముందు కూర్చోబెట్టింది. ముసలమ్మ ఆ కొండ ఊళ్ళ భాష దేశియాలో మాట్లాడితే, టికిరిలో ఉండి ఆ మాట నేర్చిన మా అమ్మాయి నాకు తెలుగులో చెప్తూ వచ్చింది.

ఫలితాలు చెప్పడానికి వచ్చాం అంటే ముసలమ్మకి ముందు అర్థం కాలేదు. రక్తం తీసుకెళ్ళాక ఎవరైనా తిరిగి రావడం ఆమె ఎరగదు. అప్పట్లో తనతో బాటు తన కొడుకు కూడా చెయ్యి చాపాడని చెప్పింది. తర్వాత వాడికి నొప్పులు ఎక్కువై, ఒక చలికాలంలో పోయాడట. వాడి పేరు ఉందా అని అడిగింది.

అమ్మాయి డాక్టరుగారు ఇచ్చిన రిజిస్టరులో వేలు పెట్టి కిందికి వచ్చింది. ఒకచోట ఆగింది. ఉందని చెప్పింది. వాడికి ఆ జబ్బు ఉన్నట్టు రాసి ఉందని కూడా చెప్పింది.

ముసలమ్మ ఆ పేజీ కేసి చూసింది. "ఇది అప్పుడే తెలుసా?" అని అడిగింది.

"తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ ఎక్కడుండిపోయింది?"

అమ్మాయి ఆ మాట నాకు తెలుగులో చెప్పింది. డాక్టరుగారి బదిలీ గురించి చెప్పొచ్చు, పత్రికల తాళాల గురించి చెప్పొచ్చు. అన్నీ నిజాలే.

"మా దగ్గరే ఉండిపోయిందమ్మా అని చెప్పు" అన్నాను.

చెప్పింది. ముసలమ్మ నన్ను తిట్టలేదు. ఇంట్లోకి చూసి ఎవరినో పిలిచింది. ఏడెనిమిదేళ్ళ పిల్ల బయటికొచ్చింది. ఆ పోయిన కొడుకు కూతురట. ముసలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మా ముందుకి చాపింది. కాని మణికట్టు వదల్లేదు.

"దీనిది ఎప్పుడు చెప్తారు?"

"ఇప్పుడే. ఇక్కడే" అంది అమ్మాయి, సంచిలోంచి పరీక్ష కిట్టు తీస్తూ.

అప్పుడు వదిలింది. చిన్న బొట్టు తీశారు. పిల్ల వేలు నోట్లో పెట్టుకుంది. ఫలితం తేలేదాకా మేమందరం ఆ ఇంటి ముందే కూర్చున్నాం. ఎవరూ లేవలేదు.